చిలక ఉన్న తలుపు

ముసలమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని మళ్లీ వచ్చింది.

పటమట పొలాల పక్కన లేచిన ఆటోనగర్ అది. తుక్కు లారీల నీడలో ఊరి గేదెలు పడుకుని నెమరు వేస్తుంటాయి. పిడకల పొగా, కాలిన ఇనుము వాసనా ఒకటిగా వస్తాయి.

"నీళ్లు తేవద్దని నిన్ననే చెప్పానా మామ్మా! ఇక్కడ కార్బైడు డబ్బాలున్నాయి. తడి తగిలితే గ్యాసు లేస్తుంది. నువ్వూ నేనూ ఒకే బండిలో పైకి పోతాం," అన్నాడు లాజరు. గ్యాసు మంటతో పాత లారీలు కోయడం అతని పని.

"నేనెటూ పోయేదాన్నే బాబూ. నీ సంగతి చూసుకో," అని నవ్వింది ముసలమ్మ. "ఆ లారీ తలుపొక్కటి కడగనీ. బురద కింద చిలక బొమ్మ ఉంటే మా అబ్బాయి తోలిన బండే."

"తుక్కుకొచ్చిన బండిని ఎవరన్నా కడుగుతారా?"

"పోయినేడు ఉప్పెనలో పోయాడయ్యా. మనిషి దొరకలేదు. వాడు వేసుకున్న బొమ్మన్నా చూసుకుంటాను. అన్ని షెడ్లూ తిరిగాను. ఇదే ఆఖరు."

లాజరుకి జాలేసింది. కానీ సాయంత్రానికి బండి ముక్కలవ్వాలి.

భుజం పట్టుకుని గేటు బయటికి నడిపించాడు.

ఆమె చెంబులో నీళ్లు అక్కడున్న దూడ ముందు పోసి, ఖాళీ చెంబుతో వెళ్లిపోయింది.

లాజరు మంట ముట్టించాడు.

తలుపు సగం తెగేసరికి, వేడికి ఎండిన బురద పెళ్లలుగా రాలింది. కింద పచ్చ రంగు కనిపించింది. ఎర్రటి ముక్కు. మెడ దగ్గర రెండుగా తెగిన చిలక.

అతను మంట ఆర్పేశాడు.

అప్పుడే అన్నం క్యారియరుతో వచ్చిన అతని భార్య శౌరమ్మ, తలుపు చూసి ఆగిపోయింది.

"ఈ చిలక ఇక్కడికెట్లా వచ్చిందయ్యా?"

"నీకు తెలుసా?"

"తెలియకేం? ఉప్పెన రోజు నువ్విక్కడ పనిలో ఉన్నావు. నీళ్లు తోసుకొస్తుంటే పిల్లనీ నన్నూ ఎక్కించుకున్నాడని చెప్పలా, ఆ లారీ ఆయన! పిల్ల ఏడుస్తుంటే ఈ చిలకనే చూపించాడు. మమ్మల్ని అవనిగడ్డలో దింపి, మిగిలినోళ్ల కోసం మళ్లీ వెనక్కెళ్లాడు."

లాజరు రోడ్డు మీదికి పరుగెత్తాడు.

అడ్డంగా నడుస్తున్న గేదెల మంద దాటేసరికి ముసలమ్మ ఎక్కిన బస్సు కదిలిపోయింది. షెడ్డు షెడ్డుకీ వెళ్లి అడిగాడు. ఆమె పేరేమిటో, ఏ ఊరో ఎవరికీ తెలియదు.

తన బిడ్డను అన్ని నీళ్లు దాటించినవాడి తల్లిని, చెంబెడు నీళ్లు తెచ్చిందని అతను గెంటేశాడు.