అరికాలికి ఎర్ర సిరా

ఇదిగో, నిన్నే. అటూ ఇటూ చూస్తావేంటి, ఇక్కడ నువ్వు కాక ఇంకెవరున్నారు? ఏం మొహం అది! ముక్కు కాస్త పక్కకి వాలింది గానీ ఫర్వాలేదు, పనికొస్తుంది. నీ వాలకం చూస్తే మాత్రం సగంలో ఆవలించి లేచిపోయే రకంలా ఉన్నావు. ఈ కథ చివరిదాకా చదవడం నీ వల్ల కాదు. పందెం!

సరే, విను.

బొమ్మల పుస్తకాలేసే చిన్న ఆఫీసు. మేడమీద ఒకటే గది. బల్ల నిండా సిరా బుడ్లు, కుంచెలు, స్కేళ్ళు. పైకి చూస్తే ముగ్గురు ఆడవాళ్ళు బొమ్మలేసుకుని బతుకుతున్నారు. లోపలి సంగతి వేరు. పెద్దక్క ఒంటిచేత్తో లారీ ఎత్తుతుంది. నడిపిది గోడల్లోంచి నడిచిపోతుంది. చిన్నది కిటికీలోంచి కాకిలా ఎగిరిపోతుంది. ఊళ్ళోకి ఏ దెయ్యం దిగినా, ఏ పిశాచం దూరినా, పట్టేది వీళ్ళే.

పట్టి ఏం చేస్తారంటావా? కాగితం మీద వాడి బొమ్మ గీసి, చుట్టూ నాలుగు గీతలు కొడతారు. అంతే, ఆ గడే జైలు. అలాంటి పుస్తకాలు బల్లకి ఎడమవైపు ట్రేలో పడేసి, సాయంత్రం బీరువాలో పెట్టి తాళమేస్తారు. కుడివైపు ట్రేలోవి మామూలు పుస్తకాలు, బజారుకి పోతాయి. బండివాడు తికమక పడకుండా ట్రేల మీద చీటీలు కూడా అంటించారు. బీరువా పుస్తకం చదివేవాళ్ళ చేతిలో పడకూడదు. ఎందుకో తర్వాత చెప్తా, నువ్వు అంతదాకా ఉంటేగా.

ఆ రోజు పొద్దున తలుపు కింద ఓ ఉత్తరం.

"మీ ముగ్గురిలో ఒకత్తి నేనే. అసలు మనిషిని పెట్టెలో కుక్కాను. గాలి పన్నెండింటిదాకా సరిపోద్ది. ఇట్లు, మొహాలదొంగ."

వాడి సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరి మొహం నచ్చితే ఆ మొహం తగిలించుకుంటాడు. గొంతూ అదే, నడకా అదే, బలమూ అదే. మహా కొంటె వెధవ. పనిమంతుడు మాత్రం, ఒప్పుకోవాలి.

గడియారం పదిన్నర కొట్టింది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు.

"నిన్న టీలో పంచదార వద్దన్నావేం?" పెద్దక్క నడిపిదాన్ని నిలదీసింది.

"పళ్ళు జివ్వుమంటున్నాయి. నీ సంగతి చెప్పు. కూర్చుంటే కుర్చీ విరిగేది, ఈ వారం ఒక్కటీ విరగలేదేం?"

"నా మీదకే తిప్పుతావా?"

"ఆపండక్కా!" చిన్నది ఏడుపు గొంతుతో అంది. "మొన్నటినుంచి బల్లా, ట్రేలూ నేనే సర్ది చస్తున్నా. మళ్ళీ నన్నే దొంగచూపులు చూస్తారు ఇద్దరూ."

పదకొండైంది. పెట్టెలో ఉన్నది ఎవరైనా, ఇంకో గంట.

"వాడిది అరువు తోలు," అంది నడిపిది. "అరువు తోలుకి చక్కిలిగింత తెలీదు. కుంచె పట్టినవాళ్ళు తప్ప అందరూ కళ్ళకి గంతలు కట్టుకోండి. కాళ్ళు బల్ల మీద పెట్టండి."

కుంచెని ఎర్ర సిరాలో ముంచింది. పెద్దక్క అరికాలి మీద ఒక్క గీత గీసింది. పెద్దక్క నవ్వి కాలు జాడించింది. బల్ల మూల ఊడి గోడకి తగిలింది.

తర్వాత పెద్దక్క కుంచె పట్టింది. నడిపిది నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారి, నేలలోకి నడుందాకా దిగిపోయింది. జుట్టు పట్టి పైకి లాగాల్సొచ్చింది.

ఆవలింత వస్తోందా? చెప్పానుగా. లేచిపో, ఎవరొద్దన్నారు?

ఇక చిన్నదాని వంతు.

"ఇదిగో, పెట్టేశా!" అంది నడిపిది.

చిన్నది కిలకిలా నవ్వింది. మెలికలు తిరిగిపోయింది. "చాలక్కా, చచ్చిపోతా!"

నడిపిది చిన్నదాని గంతలు విప్పింది. "కుడికాలు చూసుకో."

ఒక్క చుక్క సిరా లేదు.

"పెట్టకముందే నవ్వొచ్చేసిందక్కా. భయానికి."

"సరే. ఎడమది చూసుకో."

మడమ నుంచి వేళ్ళదాకా ఎర్రటి గీత. నడిపిది నోరెత్తకుండా ముందే గీసింది. అప్పుడు చిన్నది కిక్కురుమనలేదు.

పెద్దక్క దాని మెడ పట్టేసింది. నడిపిది గబగబా బొమ్మ గీసి, స్కేలు పెట్టి నాలుగు గీతలు చర్రున లాగింది. చిన్నదాని మొహం ముసుగులా ఊడి కిందపడింది. మొహాలదొంగ కాగితంలో ఉన్నాడు.

"పెట్టె ఎక్కడరా?"

"కాగితాల గోడౌన్లో, అట్టల వెనక."

అడగ్గానే చెప్పేశాడు. పెద్దక్క నొసలు ముడిపడింది. "ఇంత తేలిగ్గానా? వీడు?"

"అనుమానాలు తర్వాత, ముందు పద!"

పన్నెండుకి అయిదు నిమిషాలుంది. గోడౌను తలుపుకి తాళం. నడిపిది గోడలోంచి దూరి లోపల్నుంచి తాళం తిప్పింది. పెద్దక్క ఇనపపెట్టె మూత అప్పడంలా విరిచింది. లోపల చిన్నది నీలుక్కుపోయి ఉంది. దగ్గింది. కళ్ళు తెరిచింది. "ఇంతసేపు ఏం వెలగబెట్టార్రా ఇద్దరూ?" అని తిట్టింది. ముగ్గురూ ఒకర్నొకరు పట్టుకుని బావురుమన్నారు.

ఆ సంబరంలోనే వాడున్న కాగితం పెట్టి పుస్తకం కుట్టి, అట్ట వేసి, ఎప్పట్లాగే ఎడమవైపు ట్రేలో పడేశారు. చెయ్యి అలవాటు, కన్ను చూడదు. సర్దే వంకతో మొన్నే ట్రేల మీద చీటీలు అటుదిటు మార్చేసిన సంగతి ఎవరూ గమనించలేదు. సాయంత్రం బండివాడు చీటీ చదివాడు, కట్ట ఎత్తుకుని బజారుకి పోయాడు.

పందెం నువ్వే గెలిచావులే: ఇదే ఆ పుస్తకం, ఆఖరి గడి దాకా చదివేశావు, నా తాళం ఊడింది, ఇంక ఆ మొహం ఇలా ఇయ్యి.