రెండో విస్తరి

పెద్ద చప్పుడైంది. అంజమ్మ తల మీది టార్పాలిన్ తాళ్ళు తెంపుకుని ఒరిగింది. పొయ్యి మీది పప్పులో దుమ్ము రాలింది.

తలెత్తి చూస్తే గల్లీ నిండా లారీ. దాని వెనుక తెల్లటి ఇల్లు. కిటికీలతో, తలుపుతో, కింద చక్రాలతో.

"కండ్లు నెత్తికెక్కినయా?" అంజమ్మ గరిటెతో లేచింది.

ఆ లారీ ఒకప్పుడు సరుకులు మోసింది. ఇప్పుడు వెనుక బాడీ కోసేసి, కొక్కెం బిగించి, చక్రాల ఇంటిని లాగేలా మార్చారు. డబ్బున్నవాళ్ళు అందులోనే వండుకుని, అందులోనే పడుకుని ఊళ్ళు తిరుగుతారట. కామాటిపురలో ఒక్క గదిలో ఆరుగురు పడుకునే చాల్ ఇళ్ళ మధ్య అది ఇరుక్కుపోయింది.

నెరిసిన గడ్డంతో డ్రైవర్ దిగాడు.

"తప్పయింది అక్కా. అవతల రోడ్డు తవ్విండ్రు. ఫోన్ల మ్యాప్ ఇటు తిప్పింది."

"తెలుగోడివే? ఇంకా సిగ్గుండాలె!"

"తెలుగోడైతే ఏంది?" పక్కింటి బంటీ వచ్చి లారీ ముందు రేకు మీద గట్టిగా చరిచాడు. "చల్, పీఛే లే!"

"తీస్త తమ్మీ. జర జాగ ఇయ్యుండ్రి."

"ఆ అద్దం కాడ ఊగేదేంది? గంటనా? పూజ చేసుకుంట నడుపుతున్నవా?"

గల్లీ అంతా నవ్వింది.

"బండి ఏ పక్కకు ఒరిగిందో చెబుతది. వెనుకున్నది ఇల్లు గదా," అన్నాడు డ్రైవర్.

అంజమ్మ అటు చూడలేదు. పప్పులో దుమ్ము ఏరుతోంది.

ఆ రోజు పెత్రమాస. పోయినవాళ్ళ పేరు మీద అన్నం పెట్టే అమావాస్య. గడప లోపల రెండు విస్తళ్ళు పరిచి ఉన్నాయి.

మొదటిది భర్త రాజమల్లుది. వర్లిలో మేడలు కట్టిన మేస్త్రి.

రెండోది పేరు తెలియని ఒక మనిషిది.

లాక్‌డౌన్‌లో రాజమల్లు పని దగ్గరే కుప్పకూలాడు. శవం మక్తల్ దగ్గరి సొంతూరికి చేరింది. అంజమ్మ, కూతురు సంధ్య ఇక్కడే క్వారంటైన్‌లో చిక్కుకుపోయారు. ఊళ్ళో అన్నదమ్ములు కూడా తలుపులు తీయలేదు. అప్పుడు ఒక పరాయి మనిషి ఒక్కడే గుంత తవ్వి, ఒక్కడే మట్టి చేశాడు. అప్పట్లో ఊళ్ళోనే ఉన్న అత్త సాయమ్మ పేరు అడిగేలోపే వెళ్ళిపోయాడు.

ఆ మనిషికి ఒక్క పూట తన చేత్తో అన్నం పెట్టాలి. అంజమ్మకు ఉన్నది ఆ ఒక్క కోరికే. ఏటా విస్తరి పరుస్తుంది. సాయంత్రం దాకా ఎదురుచూస్తుంది. చీకటి పడ్డాక ఫోరస్ రోడ్ మూల మీది ఆవుకు పెట్టి వస్తుంది.

బండి వెనక్కి తీయడానికి గంట పట్టింది.

ఇల్లు కుడికి తిరగాలంటే స్టీరింగ్ ఎడమకు తిప్పాలి. నాలుగడుగులు జరపడం, దిగడం, చక్రాల కింద రాళ్ళు పెట్టడం, గోడకు ఎంత సందుందో అరచేత్తో కొలవడం. మళ్ళీ ఎక్కడం. వెనుక స్కూటర్ల హారన్లు. పై అంతస్తు నుంచి ఎవరో మురికి నీళ్ళు పోశారు. సంధ్య గడపలో నిలబడి ఫోన్‌లో అంతా వీడియో తీసింది.

మధ్యలో అతను వచ్చి, అడక్కుండానే, ఒరిగిన టార్పాలిన్‌ను ఎత్తి కట్టసాగాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. గడప లోపలికి చూపు పోయింది.

"పెత్రమాసనా అక్కా? పొద్దుగాల నుంచి ఏం తినలే. ఒక ముద్ద ఉంటే..."

"పప్పుల దుమ్ము పోసి ముద్ద అడుగుతున్నవా?"

"ఆ రెండో ఇస్తారి..."

అంజమ్మ విస్తరిని చటుక్కున లోపలికి లాక్కుంది.

"అది మంచి మనిషిది. నీ అసొంటోనికి పెట్టేది కాదు."

"మంచిదక్కా."

ఆఖరి ముడి గట్టిగా బిగించాడు. చేతులు కడుక్కుందామని నల్లా దగ్గరికి వెళ్ళాడు. బంటీ నల్లా కట్టేశాడు. అతను చేతులు చొక్కాకు తుడుచుకుని లారీ ఎక్కాడు.

చక్రాల ఇల్లు ఒక్క గోడనూ గీరకుండా ఫోరస్ రోడ్ మీదికి వెళ్ళిపోయింది. పోరగాళ్ళు ఈలలు వేశారు.

"ఏం లొల్లి బిడ్డా?" మాళా మీది నుంచి సాయమ్మ అడిగింది. మోకాళ్ళు పడిపోయాక ఆమె ఆ చెక్క అటక దిగింది లేదు.

సంధ్య నిచ్చెనెక్కి ఫోన్ చూపించింది. "చూడు నానమ్మా, అమ్మ ఎట్ల తిట్టిందో!"

సాయమ్మ ఫోన్‌ను కండ్ల దగ్గరికి తెచ్చుకుంది. నవ్వలేదు.

"ఆపు. ఆ అద్దం కాడ ఊగేది జర పెద్దగ చెయ్."

సంధ్య రెండు వేళ్ళతో పెద్దది చేసింది. ఇత్తడి గుండు. గోడ నిటారుగా లేచిందో లేదో మేస్త్రీలు చూసుకునేది. ఎర్రదీ పచ్చదీ కలిపి పేనిన తాడు.

"అమ్మా, ఇటు రా!"

అంజమ్మ నిచ్చెన సగం ఎక్కి చూసింది. ఆ తాడు తన పెండ్లి చీర అంచు చింపి తనే పేనింది. రాజమల్లు గుండుకు తనే కట్టింది. వర్లిలోనే పోయిందనుకుంది.

"శవాన్ని తెచ్చిన లారీ ఆయనదే," అంది సాయమ్మ. "గుంత తవ్వి చేతులు బొబ్బలెక్కినయి. ఇయ్యనీకి నా కాడ ఏముండె? కొడుకు సంచిలున్న గుండు తీసి చేతుల పెట్టిన."

కింద రెండో విస్తరి అంజమ్మ లాక్కున్న చోటే ఖాళీగా ఉంది.

"మన గడప దాకా వచ్చిండు గదా అంజమ్మా," అంది ముసలమ్మ ఆశగా, "నా కొడుక్కు మట్టిచ్చిన ఆ బిడ్డ కడుపు నిండ తిన్నడా?"