ఒప్పందానికి ఒక్క ఓటు

అద్దం ముందు నిలబడి మైకన్న గొంతు సవరించుకున్నాడు.

"ఆడవాళ్ల సంగతి ఆడవాళ్లే తేల్చుకోవాలి. మధ్యలో మనమెవరం?"

నోరు తెరిస్తే మూయడని జనం పెట్టిన పేరది. "మర్యాదకి మైకన్నారు గానీ, నన్ను డప్పనాలి" అని తనమీద తనే జోకులేసుకుంటాడు.

మహిళల హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించాలా వద్దా అని ఆ రోజు సభలో ఓటింగు. గెలుపోటముల మధ్య తేడా వెంట్రుకవాసి. గోడమీద పిల్లుల్ని దించే పని పార్టీ అతనికే అప్పగించింది.

భార్య అతని చొక్కాకి గుండీ కుడుతూ అడిగింది. "నేనూ రానా?"

"ఎందుకూ, కుర్చీలో కూర్చుని ఆవలించడానికా? ఆ గోలంతా నేను చూసుకుంటాగా. నువ్వు హాయిగా ఓ కునుకు తియ్యి."

ఆమె దారం కొరికి చొక్కా అతని చేతికిచ్చింది.

సభ కారిడార్లో మైకన్న చెమటలు కక్కాడు. మనవరాళ్ల మాటెత్తి ఒకాయన్ని కరిగించాడు. ఇంకొకాయన కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. చివరికి ఎవరికీ లొంగని పెద్దాయన ఒక్కడే మిగిలాడు.

"నీకెందుకయ్యా ఇంత పట్టుదల?" అన్నాడు పెద్దాయన.

"నా గుండీ నేను కుట్టుకోలేని వెధవనండీ. నాలాంటివాడి చేతుల్లో ఆడవాళ్ల బతుకులు పెడితే ఏం బాగుపడతాయో మీరే చెప్పండి!"

పెద్దాయన పగలబడి నవ్వాడు. "నిజమేరా నాయనా. సరే, నా ఓటు ఒప్పందానికే."

పార్టీ విప్ ఆయాసపడుతూ వచ్చాడు. "ఒక్క ఓటుతో గట్టెక్కుతున్నాం అన్నా! మనవాళ్లలో ఒక్కరు తగ్గినా మునిగిపోతాం. అందరూ వచ్చినట్టేనా?"

"నాతో సహా అందరం వచ్చాం. దగ్గరుండి లెక్కపెట్టాను."

మైకన్న కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్ల తన వాగుడు ఇవాళ్టికి ఒక మంచిపనికి అక్కరకొచ్చిందని పొంగిపోయాడు.

గంట మోగింది. సభ్యులంతా లోపలికి కదిలారు. ఆ ఊపులో అతనూ వాళ్లతో కలిసి నడిచాడు. తలుపులు మూయబోతున్న గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరెక్కడికి సార్, ఓటెయ్యాల్సిన మెంబరు మీ ఇంటి మేడమ్ గారు కదా, ఆవిడేరీ?"