ఇరవై రెండో వరసలో సీటు

"అడగాల్సింది నువ్వే బావా. పదకొండేళ్ళుగా స్టేడియంలో ఆవిడ వెనక కూర్చుంటున్నది నువ్వు, నేను కాదు," అన్నాడు డెల్మర్ ట్రక్కు దిగకుండానే.

లెలాండ్ స్టీరింగు వదల్లేదు. "ఎనభై దాటిన మనిషిని ఏటా తన పేరున ఉండే సీటు వదులుకోమని ఏ మొహం పెట్టుకుని అడగమంటావురా?"

"ఉన్న మొహమే పెట్టుకో. డెబ్భై వేలమంది లేచి నిలబడి గొంతులు చించుకుంటుంటే మిస్ ఇమోజీన్ ఏం చేస్తుంది? తల దించుకుని ఊలు అల్లుకుంటుంది. మేనకోడలు చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టి పోతుంది, ఆటయ్యాక వచ్చి తీసుకుపోతుంది. ఆ స్వెట్టరేదో ఇంట్లోనే అల్లుకోవచ్చుగా! ఈ ఏడాది మన ఫుట్‌బాల్ జట్టు మ్యూల్స్‌కి పన్నెండింట్లో ఏడాటలు సొంత గడ్డమీదే. నేనేమో తొమ్మిదేళ్ళుగా ఒక్క సీటు కోసం కాచుక్కూర్చున్నా."

డెల్మర్ లెలాండ్ భార్యకి తమ్ముడు. కాదంటే ఆదివారం భోజనాల దగ్గర అక్కాతమ్ముడూ కలిసి కాల్చుకు తింటారు. లెలాండ్ నిట్టూర్చి దిగాడు.

మిస్ ఇమోజీన్ వరండాలో కూర్చుని అలసందలు ఒలుస్తోంది. మెట్ల మీద అడుగుల చప్పుడు కాగానే, "ఎవరూ?" అంది.

"నేనండీ, లెలాండ్‌ని. స్టేడియంలో మీ వెనక సీటు. వీడు మా బావమరిది."

ఆవిడ మొహం విప్పారింది. "రా నాయనా, రా! కూజాలో చల్లటి టీ ఉంది, వంపుకోండి. ముందు ఇది చెప్పు. ఈసారి ఎన్ని గెలుస్తాం?"

"తొమ్మిదండీ," అన్నాడు లెలాండ్.

"పది!" అన్నాడు డెల్మర్. "మొదటి నాలుగూ మంచినీళ్ళు తాగినట్టే."

"ఏ నాలుగు అబ్బాయ్? రెండోది వాళ్ళ ఊళ్ళో, మిట్టమధ్యాహ్నం ఎండలో. మన లావుపాటి పిల్లలు సగం ఆటకే నాలుకలు బయటపెడతారు. పైగా ఆట లేని సెలవు వారం సెప్టెంబర్లో పడేశారు. అప్పటికి ఎవడికి దెబ్బ తగిలి ఏడుస్తుంది? నవంబర్లో మూడు గట్టి జట్లతో వరసగా ఆడాలి, మధ్యలో ఊపిరి తీసుకునే వారం లేదు. ఏడు గెలిస్తే దేవుడి దయ."

డెల్మర్ తగ్గలేదు. "బంతి విసరడానికి కొత్త క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు కదండీ. వాడి చెయ్యి ఫిరంగి."

"ఫిరంగే, కాదన్లేదు. గురే లేదు. మొన్న వసంతంలో ఆడిన సాధన ఆటలో మూడుసార్లు అవతలివాళ్ళకే విసిరాడు. 'ఒరేయ్, నీ చొక్కా రంగేంటో నీకైనా తెలుసా?' అని అరిచావు నువ్వు. గుర్తుందా లెలాండ్?" అంటూ ఆవిడ పగలబడి నవ్వింది.

లెలాండ్‌కి గుర్తుంది. దాని తర్వాత అరిచిన మాటలు కూడా గుర్తున్నాయి. అవి ఆవిడ చెవిన పడలేదనుకున్నాడు ఇన్నాళ్ళూ. చెవులు వేడెక్కాయి.

డెల్మర్ మోకాలితో పొడిచాడు. ఒకసారి, రెండుసార్లు.

"మిస్ ఇమోజీన్... అదీ... అన్ని మెట్లు ఎక్కడం మీకు కష్టం కదా అని... ఎండ కూడా... మావాడు చాన్నాళ్ళుగా..." లెలాండ్ నసిగాడు. తన అబద్ధం తనకే వెగటుగా వినిపించింది.

"సీటు సంగతండీ," అని అందుకున్నాడు డెల్మర్. "మీరెలాగూ ఆట చూడరు. అల్లుకుంటూ ఉంటారు. నాకిస్తే..."

వాడి చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది లెలాండ్‌కి. కానీ వాణ్ణి ఈ వరండాలోకి తీసుకొచ్చింది ఎవరు?

గిన్నెలో ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఒక అలసంద గింజ జారి నేలమీద దొర్లింది. ఎవరూ తియ్యలేదు.

"నిజమేలే అబ్బాయ్," అంది చివరికి. "చూసేవాడికి ఇవ్వడమే న్యాయం. కాయితం ఏమైనా తెచ్చారా?"

తెచ్చారు. అదే ఇంకా సిగ్గుచేటు. కాదంటుందేమో, ఔనంటుందేమో తెలియకముందే టికెట్ల ఆఫీసుకి వెళ్ళి సీటు పేరు మార్చే కాయితం తెచ్చి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది లెలాండే.

"ఎక్కడ పెట్టను?"

కలం ఆవిడ వేళ్ళ మధ్య పెట్టి, గీత మీద ఆనించాడు. సంతకం గీత దాటి కిందికి జారిపోయింది. బాధతో చెయ్యి వణికిందనుకున్నాడు. పసిపిల్ల చేతిలో రొట్టెముక్క లాక్కున్నట్టయింది.

డెల్మర్ పదిసార్లు థాంక్స్ చెప్పి, కాయితం పట్టుకుని ఈల వేసుకుంటూ ట్రక్కు దగ్గరికి పోయాడు. లెలాండ్ మాత్రం టోపీ చేతిలో నలుపుకుంటూ అక్కడే నిలబడ్డాడు. క్షమించమని అడగాలనుకున్నాడు.

"ఎప్పుడైనా ఏమైనా కావాలంటే చెప్పండి," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అయితే ఒక్క సాయం చెయ్యి నాయనా. శనివారం ఆట మొదలవగానే నాకు ఫోను చేసి, దాన్ని కట్ చెయ్యకుండా చొక్కా జేబులో పడేసుకో. నువ్వు మామూలుగానే అరుస్తూ ఉండు. బూతులు కూడా మానకు, మనవాళ్ళు ఎన్ని గజాలు పోగొట్టుకున్నారో వాటిని బట్టే తెలుస్తుంది." మిస్ ఇమోజీన్ మళ్ళీ అలసందలు ఒలవడం మొదలుపెట్టింది. "నా కళ్ళు పోయి ఐదేళ్ళయింది. అప్పట్నుంచీ నేను ఆట చూస్తున్నది నీ నోటితోనే."