మడతలో పేచీ లేదు

విమానం తలుపు తెరవగానే నా గుండె నాకంటే ముందే దూకేసింది. పారాచూట్‌తో ఇదే నా మొదటి దూకు. సైన్యంలో చేరినప్పటి దూకుడంతా ఎటు పోయిందో!

పక్కన పారాచూట్లు మడిచే పెద్దాయన నాకంటే ఎక్కువగా వణుకుతున్నాడు.

“బాబాయ్, నాది మడిచిందెవరు?”

“నేనే.”

“మరి మీది?”

“అదీ నేనే. మడిచేవాళ్ళనీ అప్పుడప్పుడూ దూకిస్తార్రా, ఒళ్ళు దగ్గర పెట్టుకుంటామని.”

“మరెందుకా వణుకు? మడతలో ఏమైనా పేచీ ఉందా?”

“మడతలో పేచీ లేదు. ఎత్తంటేనే నాకు పైప్రాణాలు పైనే పోతాయి. నేను మడిచినవాటిలో ఏది నా వీపుకెక్కిస్తారో ముందు తెలీదుగా! అందుకే ప్రతిదీ విప్పి చూసి మళ్ళీ మడుస్తా.”

పచ్చదీపం వెలిగింది. ఆయన కళ్ళు మూసుకుని దూకాడు.

ఆ పిరికివాణ్ణి నమ్ముకుని నేనూ దూకాను.