బిస్కట్ల డబ్బాలో కవరు

"తమ్మీ, ఈ కవరు జర దాచిపెట్టు."

బుచ్చన్న ముందు పెట్టిన టీ పది నిమిషాలుగా అట్లాగే ఉంది. అరబ్బు దేశంలో తెలుగు కూలీలు చేరే షరఫియా పేటలో ఇంటికి పంపాల్సిన కవర్లన్నీ మస్తాన్ వలీ టీ కొట్టుకే వస్తాయి. వాటిని బిస్కట్ల డబ్బాలో వేసి ఉంచి, సెలవు మీద ఊరికి పోయే మనిషి దొరికినప్పుడు అతని చేతిలో పెట్టడం మస్తాన్ వలీకి అలవాటు. అందుకని కవరు ఇవ్వడంలో వింతేమీ లేదు. వింతల్లా దాని మీద పేరు లేకపోవడమే.

"ఎవురికన్నా పంపాల్సింది?"

"ఎవ్వలికి గాదు. మూడొద్దులల్ల నేను రాకపోతే నువ్వే ఇప్పి చూడు. అప్పటిదాంక ముట్టకు."

శిక్ష లేకుండా ఊరికి వెళ్ళిపొమ్మని సర్కారు ఇచ్చిన మాఫీ గడువు ముగిసి వారమైంది. కాగితాలు లేనివాళ్ళ కోసం, ఒకచోట ఇకామా, అంటే అక్కడ ఉండి పనిచేసే అనుమతి కార్డు, పెట్టుకుని మరోచోట పనిచేసేవాళ్ళ కోసం పోలీసులు వీధులన్నీ గాలిస్తున్నారు.

"మీ కంపెనీ సర్కారోళ్ళ రెడ్ లిస్టులో పడిందంట గదన్నా. మీవాళ్ళ ఇకామాలు రెన్యువల్ గావడంలేదంట. మరి నీది..."

"నా ముచ్చట ఇడిచిపెట్టు. రాము సంగతి ఇను."

రాము సంగతి అంటే భూమేష్ సంగతే. జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన భూమేష్‌ను నెల క్రితం పోలీసులు పట్టుకుపోయారు. నాలుగోరోజు శవం బయటికొచ్చింది. గుండె ఆగిందని కాగితం ఇచ్చారు. ఆస్పత్రిలో శవాన్ని చూసిన నర్సు సుజిత మాత్రం అరికాళ్ళు నల్లగా కమిలి ఉన్నాయని బుచ్చన్నకు రహస్యంగా చెప్పింది. లాకప్ గదిలో భూమేష్‌తో ఉన్న ఒకే ఒక్క తెలుగువాడు రాము. ఇప్పుడతను తర్హీల్‌లో, అంటే పట్టుకున్నవాళ్ళను విమానం ఎక్కించేదాకా ఉంచే చోట, ఉన్నాడు.

బుచ్చన్న చేసే ఉద్యోగం ఏసీల రిపేరు. చేసే పని మాత్రం వేరు. పోలీసు దెబ్బ తిన్న ప్రతి తెలుగువాడి పేరూ, తేదీ, సాక్షీ రాసుకుని ఎంబసీకీ, ఊరి పత్రికలకూ పంపడం. ఆరేళ్ళుగా ఇదే పిచ్చి. రెండుసార్లు బెదిరింపులొచ్చినా నవ్వేశాడు.

"నాలుగుసార్లు తర్హీల్ గేటు కాడికి పోయిన. బయటోళ్ళను లోపలికి తోలరట. ఏం జేస్తే తోల్తరు అని అడిగితే, పోలీసాయన నవ్వుకుంట వ్యాను దిక్కు చెయ్యి జూపిచ్చిండు. ఈ వారంల రామును వేరే ఊరికి మారుస్తున్నరట. భూమేష్ పెండ్లాం గౌరవ్వ రోజూ ఫోన్ జేసి ఒక్కటే అడుగుతది. నా మొగడు ఎట్ల సచ్చిండన్నా, అని."

"ఒదిలెయ్‌న్నా! నీకే కాగితాల దిక్కు లేదు. పట్టుకుంటే నిన్నుగూడా భూమేష్‌ను జేసినట్టే జేస్తారు."

"ఎరికే తమ్మీ. అందుకే భయమైతుంది."

ఆ మాట బుచ్చన్న నోట వినడం మస్తాన్ వలీకి అదే మొదటిసారి. అంత మనిషే భయపడుతున్నాడంటే తనలాంటివాడి గతేమిటనుకున్నాడు.

అప్పుడే వీధి చివర వ్యాను ఆగింది. జనం చెల్లాచెదురయ్యారు. చెప్పులు ఊడిపోతున్నా ఆగకుండా పరుగెత్తుతున్నారు.

మస్తాన్ వలీ ఇకామా మీద ఇంటి డ్రైవరని ఉంది. టీ కాస్తూ దొరికితే వ్యాను ఎక్కడం ఖాయం. అయినా ముందుగా కొట్టు వెనక తలుపు గడియ తీశాడు.

"అన్నా, లెయ్! సందులో నుంచి పో!"

బుచ్చన్న లేచాడు. తెరిచిన తలుపు వైపు ఒక్కసారి చూశాడు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. తరవాత వెనక్కి తిరిగి, తిన్నగా వీధిలోకి నడిచాడు.

"అటు గాదన్నా!"

భయంలో మనిషికి దిక్కు తోచలేదనుకున్నాడు మస్తాన్ వలీ. కొట్టు మెట్టు మీద కాలు పెట్టబోతున్న పోలీసుకు బుచ్చన్న ఎదురే వెళ్ళాడు.

"ఇకామా?"

బుచ్చన్న రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు. ఖాళీ. పోలీసు అతని మెడ మీద చెయ్యి వేసి వ్యాను వైపు తోశాడు. ఇద్దరు పోలీసులూ అతనితోనే వెళ్ళిపోయారు. కొట్టులోకి ఎవరూ రాలేదు.

ఒక్క మాట అడ్డం చెప్పి ఉండవచ్చు. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా మస్తాన్ వలీ చూస్తూ నిలబడ్డాడు.

ఆ మూడు రోజులూ అతనికి ముద్ద దిగలేదు. కళ్ళు మూస్తే కమిలిన అరికాళ్ళే కనిపించాయి. 'అందరి దెబ్బలూ రాసినావు గదన్నా, నీ దెబ్బలు ఎవురు రాస్తారు?' అని లోలోపల తిట్టుకున్నాడు, తనను తాను అంతకంటే ఎక్కువ తిట్టుకున్నాడు. కవరులో బుచ్చన్న తన భార్య పోచవ్వకు రాసిన ఆఖరి ఉత్తరమే ఉంటుందని అతని నమ్మకం. దాన్ని ఆమెకు ఫోన్లో ఎట్లా చదివి వినిపించాలో తెలియక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మూడోరోజు సాయంత్రపు అసర్ నమాజుకు షట్టరు దించి, డబ్బాలోంచి కవరు తీసి చించాడు. చిన్న చీటీ ఉంది.

"తమ్మీ, దీన్ని మా కంపెనీ మేనేజరుకియ్యి. తర్హీల్ గేటు కాడికి పట్కరమ్మను. ఇది జూస్తె నన్ను ఇడిచిపెడ్తరు. ఆలిశం జెయ్యకు."

దేన్ని? మస్తాన్ వలీ కవరును బల్ల మీద దులిపాడు.

ఇంకా పద్నాలుగు నెలల గడువున్న బుచ్చన్న ఇకామా కిందపడింది.