తాడు చెప్పిన గీత

ఇప్పుడు ఆ ఊళ్లో ప్రతి ఇంటి గోడా తెరలా వెలిగి గీతలు చూపిస్తుంది. బావిలో నీటిమట్టం చెప్పే గీత దిగకుండా బల్లపరుపుగా ఉంటే చాలు, జనం వరి నారు పోసేస్తారు. ఓబులేసుకు మాత్రం అనుమానం. వారానికొకసారి రాయి కట్టిన తాడు బావిలోకి వదులుతాడు. ప్రతిసారీ తాడు జానెడు ఎక్కువే పడుతోంది. నీళ్లు తగిలిన చోటల్లా ముడి వేస్తున్నాడు. గోడ మీది గీత మాత్రం కదలడం లేదు.

ఇంజినీరింగు మొదటి ఏడు చదివే కూతురు హిమజ సెలవులకు వచ్చింది.

"పాపా, ఈ గోడ మోసం చేస్తాందేమో సూడు. నారు పోయల్నా వద్దా?"

హిమజ గోడలోని అంకెలు తీసి చూసింది. "గీత పక్కన కొలత యాడిదాకా పెట్టినారో ముందు సూడమని మా సారు మొదటిరోజే చెప్పినాడు నాయనా. వెయ్యి అడుగుల దాకా పెట్టినారు. మన బావి నలభై అడుగులే. ఇంగ గీత యాడ కదుల్తాది?"

కొలతను నలభైకి తగ్గించి మళ్లీ గీసింది. గీత జారుడుబండలా దిగిపోయింది.

ఓబులేసు తాడు తెచ్చి, ముడులను గీత పక్కన పెట్టి చూసుకున్నాడు. "నువ్వు చదివినావని కాదుమ్మే. తాడుతో కుదిరింది గాబట్టి నమ్ముతాండా."

తెల్లారేసరికి గోడ మీద గీత మళ్లీ బల్లపరుపుగా ఉంది. కింద "మీ గీతను సరిచేశాము" అని రాసుంది.

ఓబులేసు వరి విత్తనం మూట అటక ఎక్కించి, తక్కువ నీళ్లతో పండే కొర్రల సంచి దించాడు. ఆ గీత మీదే మేకు కొట్టి, తాడు వేలాడదీశాడు.